పట్టాల కింద కాంక్రీటు స్లీపర్లు: అదురు, అరుగుదల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గూడూరు పక్క ఊరు. ఉద్యోగమంతా చెన్నైలో పట్టాల పనిలోనే గడిచింది, ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను. కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి వైపు లైను పక్కన ఇళ్లున్న మనవాళ్లు, కొత్తగా ట్రాక్ పనిలో చేరిన తెలుగు కుర్రాళ్లు నన్ను అడిగినవే ఇవి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇలా రాసి పెట్టాను. స్లీపరు అంటే రెండు పట్టాల కింద అడ్డంగా, వాటిని మోస్తూ ఉండే దిమ్మ.

చెక్క స్లీపర్లు మెత్తగా ఉండేవి కదా, వాటిని తీసేసి కాంక్రీటు ఎందుకు వేశారు?

చెక్క దెబ్బను మింగుతుంది, నిజమే. నారలోనే ఆ గుణం ఉంది. కానీ అది కుళ్లుతుంది, చెద పడుతుంది, కొట్టిన మేకు నాలుగేళ్లకు వదులైపోతుంది. మేకు వదులైతే రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, చేతిలో ఉండదు. పైగా అంత టేకు, అంత సాలచెక్క ఏ అడవి నుంచి తేవాలి? మధ్యలో ఇనుప స్లీపర్లు, పోత ఇనుప గిన్నెల్లాంటివి కూడా వాడారు. అవి తుప్పుకి, మోతకి పేరుబడ్డాయి.

అసలు కారణం బరువు. బ్రాడ్ గేజ్ చెక్క స్లీపరు ఎనభై కిలోలు తూగితే ఎక్కువ. కాంక్రీటుది దాదాపు 285 కిలోలు. కిలోమీటరుకు 1660 చొప్పున వేస్తే ఒక్క కిలోమీటరులోనే 470 టన్నులు దాటుతుంది. ఆ బరువు ఎందుకంటే, ఇప్పుడు పట్టాలను వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకే ముక్కగా వేస్తున్నారు. మే నెల ఎండకు మన చెన్నైలో పట్టా వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. వేడికి సాగాలని చూసే పట్టాను పక్కకు పాములా మెలి తిరగకుండా పట్టుకోవాలంటే కింద బరువు కావాలి.

మా చిన్నప్పుడు రైలెక్కితే వినిపించిన టకటక శబ్దం పదమూడు మీటర్లకో అతుకు ఉండటం వల్ల వచ్చేది. పాటలా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పాటకి కింద ఉన్న స్లీపరు ఎంత ఏడ్చేదో పట్టా మీద పని చేసినవాడికి తెలుసు.

మరి మా ఇల్లు అదిరేది ఈ కాంక్రీటు వల్లేనా?

కొంత. కాంక్రీటు బిగువుగా ఉంటుంది, దెబ్బను తనలో ఉంచుకోదు, కిందికి దాటించేస్తుంది. అయితే కింద రబ్బరు, కంకర సరిగ్గా ఉంటే ఆ దెబ్బ మీ గడప దాకా రావడానికి చాలా దూరం. ఇంట్లో అదురు ఒక్కసారిగా పెరిగిందంటే స్లీపరు మారి కాదు, దాని చుట్టూ ఉన్నదేదో పాడై ఉంటుంది.

తెలుగువాళ్లింట అదురు ముందు తెలిసేది స్టీలు గిన్నెల అలమరలో. మా అత్తగారు గడియారం చూడకుండా "గూడ్స్ వెళ్తోంది" అని చెప్పేసేవారు. ఆమెకి గిన్నెలే గడియారం.

గోడలు పగులుతాయేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఒక లెక్క చెబుతాను. నేల అదురు వేగం సెకనుకు 0.3 మిల్లీమీటర్లు ఉంటే మనిషికి తెలిసిపోతుంది. జర్మనీవాళ్ల డిన్ 4150 అనే ప్రమాణం మామూలు ఇళ్లకు, నెమ్మదైన అదురు విషయంలో, సెకనుకు 5 మిల్లీమీటర్ల దాకా పర్లేదంటుంది. అంటే మనకు చిరాకు పుట్టడానికీ గోడకు బీట పడటానికీ మధ్య పది పదిహేను రెట్ల తేడా ఉంది. పాత మిద్దెల్లో బీటలకు ఎక్కువసార్లు పునాది కింద బంకమన్నే కారణం. ఎండాకాలం ముడుచుకుని, వానాకాలం ఉబ్బే నేల అది.

స్లీపరు అరిగిపోతుందంటే ఎక్కడ అరుగుతుంది?

రెండు చోట్ల. పైన పట్టా కూర్చునే చోట, కింద కంకర తగిలే చోట. మధ్యలో ఉన్న కాంక్రీటు దిమ్మ అరగదు. లోపల మూడేసి తీగలు పెనవేసిన పద్దెనిమిది ఉక్కు తాళ్లను సాగదీసి, వాటి చుట్టూ కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక తాళ్లను వదిలితే అవి ముడుచుకోవాలని చూసి కాంక్రీటును నొక్కి పట్టుకుంటాయి. సన్న పగులు వచ్చినా బరువు పోగానే మళ్లీ మూసుకుంటుంది.

అందుకే స్లీపరు ఆయుష్షును కాంక్రీటు గట్టితనం కన్నా దాని పైన ఉన్న ఆరు మిల్లీమీటర్ల రబ్బరు, కింద ఉన్న అడుగు లోతు కంకర ఎక్కువగా నిర్ణయిస్తాయని కుర్రాళ్లకి చెబుతుంటాను. మనం జాగ్రత్త పడాల్సిందంతా ఆ రెండింటి దగ్గరే.

ఆ రబ్బరు ప్యాడ్ చేసే పనేంటి? ఇంకా మెత్తగా వేస్తే అదురు పోదా?

పట్టాకీ కాంక్రీటుకీ మధ్య గాడులున్న రబ్బరు ప్యాడ్ ఉంటుంది. మామూలుది ఆరు మిల్లీమీటర్లు, బరువు లైన్లలో పది మిల్లీమీటర్ల మిశ్రమ ప్యాడ్ వేస్తారు. చక్రం మీదికొచ్చినప్పుడు రబ్బరు గాడుల్లోకి ఉబ్బి కొంచెం నొక్కుకుంటుంది. ఉక్కు మీద ఉక్కు కొట్టిన దెబ్బలో చురుకైన భాగాన్ని, అంటే సెకనుకు కొన్ని వందల సార్లు ఆడే కంపనాన్ని, అక్కడే మింగేస్తుంది. ప్యాడ్ లేకపోతే అదంతా నేరుగా కాంక్రీటు మీద సుత్తి దెబ్బే.

మెత్తగా ఉంటే మంచిదని అందరూ అనుకుంటారు. ఇక్కడో పేచీ ఉంది. ప్యాడ్ మరీ మెత్తనైతే పట్టా ఎక్కువగా కిందికీ పైకీ ఆడుతుంది. దానితో పాటు, పట్టాను స్లీపరుకి నొక్కి పట్టే క్లిప్పు ఆడుతుంది, అలిసిపోయి విరుగుతుంది. స్లీపరుతో కట్టు సడలిన పట్టా తానే వీణ తీగలా మోగి గాలిలో శబ్దాన్ని పెంచుతుంది. నేల అదురు తగ్గిందని సంతోషించేలోపు కిటికీలోంచి మోత ఎక్కువవుతుంది. గట్టి ప్యాడ్ వేస్తే ఇదంతా తలకిందులు. అందుకే ఒక్కో లైనుకి దాని వేగం, బరువు చూసి ప్యాడ్ ఎంచాలి. ఊరంతటికీ ఒకే కొలత చెప్పేవాణ్ణి నేను నమ్మను.

ప్యాడ్ ఎండకి, నూనెకి గట్టిపడి అప్పడంలా అయిపోతుంది. వేలితో నొక్కితే తెలుస్తుంది. అంచులు నలిగి బయటికి వచ్చిందంటే లోపల రబ్బరు పనైపోయినట్టే.

క్లిప్పుకి గ్రీజు పెట్టకపోతే ఏమవుతుంది?

రైల్వేలో ఈఆర్‌సీ (ఎలాస్టిక్ రైల్ క్లిప్) అనే ఆ వంకర స్ప్రింగు క్లిప్పును చాలామంది ఇప్పటికీ పాండ్రోల్ అనే పిలుస్తారు. దాన్ని కనిపెట్టిన నార్వే ఇంజనీరు పాండే రోల్ఫ్‌సెన్ పేరు నుంచే ఆ మాట వచ్చింది. స్లీపరుకి నాలుగు చొప్పున, కిలోమీటరుకి 6640 క్లిప్పులు. మార్క్ త్రీ రకం ఒక్కోటి పట్టా అడుగును 850 నుంచి 1100 కిలోల బలంతో నొక్కి పట్టుకోవాలి. ఆ పట్టు తగ్గితే పట్టా ప్యాడ్ మీద సూక్ష్మంగా జారుతుంది. ఆ జారుడుకి ఇసుకా నీళ్లూ తోడైతే కింద కాంక్రీటు అరగడం మొదలవుతుంది.

మన చెన్నైలో క్లిప్పుకి ఇద్దరు శత్రువులు. ఒకటి సముద్రపు గాలి. ఎన్నూరు, అత్తిపట్టు వైపు పని చేసినవాడి చేతిలో ఎప్పుడూ గ్రాఫైట్ గ్రీజు డబ్బా ఉండేది. ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం: పెట్టెల మరుగుదొడ్ల నుంచి పడే మలినం. దాని వల్ల క్లిప్పు, దానికీ పట్టాకీ మధ్య ఉండే లైనర్ అనే బిళ్ల, పట్టా అడుగు అన్నీ తుప్పుతో ఒకే ముద్దగా అతుక్కుపోయేవి. సుత్తితో కొట్టినా రాదు, కొడితే విరుగుతుంది. బయో టాయిలెట్లు వచ్చాక ఆ బాధ చాలా వరకు తీరింది. ప్రయాణికుల శుభ్రత కోసమని అందరూ మెచ్చుకున్నారు. నా దృష్టిలో ఎక్కువ మేలు జరిగింది మాత్రం పట్టాకి.

తుప్పు పట్టే ప్రాంతాల్లో ఏడాదికోసారైనా క్లిప్పు ఊడదీసి, తోమి, దాని కాలికీ, అది దూరే ఇనుప కంటికీ గ్రీజు పట్టించి మళ్లీ బిగించాలి. క్లిప్పు పైపైన గ్రీజు పూసి పని అయిందనిపించేవాళ్లనూ చూశాను. రిజిస్టరులో రెండూ ఒకటే.

పట్టా కింద కాంక్రీటే గుంట పడటం నిజమా?

నిజం. అమెరికాలో ఇది పెద్ద తలనొప్పి. ప్యాడ్ కిందికి చేరిన సన్నటి రాతి పొడి, నీళ్లు, పట్టా జారుడు మూడూ కలిసి సానరాయిలా పనిచేసి కాంక్రీటును పొర పొరగా గీరేస్తాయి. గుంట ఒకవైపే లోతైతే పట్టా బయటికి ఒరుగుతుంది. 2005 ఏప్రిల్ 3న వాషింగ్టన్ రాష్ట్రంలోని హోమ్ వ్యాలీ దగ్గర ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు పట్టాలు తప్పింది ఇలాగే. వంపులో కాంక్రీటు స్లీపర్లు అరిగి పట్టా పక్కకి తిరిగిపోయిందని దర్యాప్తులో తేలింది. తర్వాత 2011లో అక్కడి ప్రభుత్వం కాంక్రీటు స్లీపర్ల తనిఖీకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

గుంట లోతు తక్కువగా ఉంటే శుభ్రం చేసి ఎపాక్సీ గానీ పాలీయురేథేన్ గానీ నింపి సమం చేస్తారు. కొత్త స్లీపర్లకి ముందే ఆ పూత వేసినవీ ఉన్నాయి. కానీ ప్యాడ్ మార్చకుండా, క్లిప్పు పట్టు సరిచేయకుండా పూత మాత్రం పూస్తే అది పంటినొప్పికి బుగ్గమీద పట్టు వేసినట్టే.

కంకర గురించి ఇంత పట్టుదల ఎందుకు? రాళ్లే కదా?

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి ఒకసారి కంకర మీద చెప్పుల్లేకుండా నడవమంటాను. కోణాలున్న రాయి కావాలి. ఇరవై నుంచి అరవై అయిదు మిల్లీమీటర్ల మధ్య సైజు. ఒకదాని కోణం ఇంకోదానిలో ఇరుక్కుంటేనే స్లీపరు కదలదు. గుండ్రటి నది రాళ్లు ఎంత వేసినా దొర్లిపోతాయి.

చెక్క స్లీపరు అడుగున రాయి కోణం కొంచెం దిగబడేది. అలా దిగబడి దిగబడి చాలా రాళ్లు చెక్కకి ఆనుకునేవి. కాంక్రీటులోకి రాయి దిగదు. బల్లపరుపుగా ఉన్న ఆ అడుగుని చాలా కొద్ది రాళ్ల కొనలే మోస్తాయి. ఒక్కో కొన మీద బరువు ఎక్కువ పడి అది నలుగుతుంది, పొడి రాలుతుంది, ఎదురుగా స్లీపరు అడుగూ చెక్కుకుపోతుంది. కొన్నాళ్లకి ఆ చోట కంకర దిగిపోయి స్లీపరు గాల్లో వేలాడుతుంది. పట్టాకి వేలాడుతున్న స్లీపరు మీదికి చక్రం రాగానే అది కంకర మీద ధబ్బుమని పడుతుంది. వెళ్లగానే మళ్లీ లేస్తుంది. పట్టాల పని చేసే గ్యాంగులో దీన్ని "స్లీపరు డాన్స్ చేస్తోంది" అంటారు. ఇల్లు అదరడంలో ఈ డాన్సుదే పెద్ద వాటా. ఒక స్లీపరు వేలాడితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, తర్వాత అవీ మొదలుపెడతాయి.

దీనికి మందు ప్యాకింగ్, అంటే స్లీపరు కింద రాళ్లను గట్టిగా కూరడం. పూర్వం గడ్డపారలతో కొట్టేవాళ్లు, ఇప్పుడు ట్యాంపింగ్ మెషిన్ పట్టాను పైకెత్తి పట్టుకుని, ఉక్కు వేళ్లు దించి, అదిరిస్తూ రాళ్లను స్లీపరు కిందికి తోస్తుంది. ఒక్క జాగ్రత్త: రాళ్లు గట్టిగా ఉండాల్సింది పట్టాల కింద, రెండు వైపులా. స్లీపరు నడుము కింద గట్టిపడితే అది తక్కెడ దండంలా నడుము మీద ఊగి, పైభాగంలో పగులుతుంది. కాంక్రీటు స్లీపరు పగిలి కనిపిస్తే నేను ముందు చూసేది నడుమే.

ఇంకో సంగతి నీళ్లు. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రాతిపొడి, బంకమన్ను, వాన నీరు కలిస్తే చక్రం నొక్కినప్పుడల్లా స్లీపరు పక్కనుంచి బూడిదరంగు బురద చిమ్ముతుంది. అలాంటి చోట ఎన్నిసార్లు ప్యాకింగ్ చేసినా నెల తిరక్కుండా మొదటికొస్తుంది. కంకర తీసి జల్లెడ పట్టాలి, కాలువ తవ్వాలి. లైను పక్క కాలువలో చెత్త వేసి, తర్వాత ఇల్లు అదురుతోందని ఫిర్యాదు చేసిన వీధి ఒకటి నాకు బాగా తెలుసు. పేరెందుకులెండి.

స్లీపరు అడుగున కూడా రబ్బరు వేస్తే సరిపోదా?

సరిపోతుంది, కొన్ని దేశాల్లో వేస్తున్నారు కూడా. స్లీపరు పోసేటప్పుడే అడుగున పాలీయురేథేన్ లాంటి మెత్తటి పొర అతికిస్తారు. ఆస్ట్రియా రైల్వే దీన్ని విస్తారంగా వాడుతోంది. రాయి కొన ఆ పొరలోకి దిగబడుతుంది, అంటే పాత చెక్క చేసిన పనే ఇదీ చేస్తుంది. ఎక్కువ రాళ్లు బరువు పంచుకుంటాయి, కంకర నలగడం తగ్గుతుంది, ప్యాకింగుల మధ్య గడువు పెరుగుతుంది.

అదురు విషయంలో మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. చురుకైన కంపనాన్ని బాగా ఆపుతుంది కానీ, ఆ మెత్తటి పొర మీద స్లీపరు తనకు తానుగా ఊగే ఫ్రీక్వెన్సీ ఒకటుంటుంది. ఆ దగ్గర్లో అదురు తగ్గకపోగా కొంచెం పెరగొచ్చు. నా అంచనాలో దీని మొదటి లాభం కంకరకి, రెండోది మీ ఇంటికి. ఖర్చు పెట్టాల్సి వస్తే వంతెన మొదళ్ల దగ్గర, రైలు లైను మారే పాయింట్ల దగ్గర ముందు పెట్టమంటాను.

పాయింట్లు, వంతెనల దగ్గరే ఎందుకు ఎక్కువ దెబ్బ?

ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట పట్టాలో ఖాళీ ఉంటుంది, చక్రం దాన్ని దూకుతుంది. వంతెన మొదట్లో మెత్తటి మట్టికట్ట మీది నుంచి గట్టి కట్టడం మీదికి ఒక్కసారిగా ఎక్కుతుంది. రెండు చోట్లా దెబ్బ ఖాయం. బేసిన్ బ్రిడ్జి దగ్గర లైన్లు చీలేచోట రైలు ఊగడం సెంట్రల్‌కి వచ్చే ప్రతివాడికీ తెలుసు.

స్లీపరు తయారీలోనే తప్పు ఉండొచ్చా?

ఉండొచ్చు. త్వరగా గట్టిపడాలని అచ్చులకు ఆవిరి పట్టిస్తారు. లోపల వేడి డెబ్బై డిగ్రీల చుట్టుపక్కలకి మించి పోతే సిమెంటులో ఒక రసాయన చర్య ఆగిపోయి, ఏళ్ల తర్వాత తేమ తగిలినప్పుడు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు పుట్టే స్ఫటికాలు లోపలి నుంచి తోసి స్లీపరు మీద దేశపటంలో గీతల్లా పగుళ్లు తెస్తాయి. చక్రం దోషం లేదు, కంకర దోషం లేదు. అన్నం ఉడికిందా లేదా చూడకుండా మంట పెంచిన వంటవాడి దోషం.

చక్రం తప్పు ఉంటే?

బ్రేకు పట్టేసి చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోతే ఒకచోట చదునుగా అరుగుతుంది. ఆ పెట్టె పోతుంటే డబ్ డబ్ డబ్ అని లయగా వినిపిస్తుంది. ఒక్క చక్రం దారిలోని ప్రతి స్లీపరునీ కొట్టుకుంటూ పోతుంది. అందుకే చక్రం దెబ్బను కొలిచే పరికరాలు కొన్నిచోట్ల పట్టాలకే అమర్చారు. పట్టా పైభాగం అలలు అలలుగా అరిగినా ఇదే గోల. దానికి పట్టాను సానపట్టే యంత్రం తిప్పాలి.

ఎప్పుడూ ఒకే రైలుకి ఇల్లు అదిరితే చక్రాన్ని అనుమానించండి. అన్ని రైళ్లకీ అదిరితే పట్టాని.

ప్లాస్టిక్ స్లీపర్లు వస్తున్నాయట, కాంక్రీటు పోతుందా?

పోదు. గాజునార కలిపిన పాలీయురేథేన్ నురగతో చేసిన స్లీపర్లను జపాన్‌లో 1980ల నుంచి వాడుతున్నారు. చెక్కలా కోయొచ్చు, రంధ్రం వేయొచ్చు, కుళ్లదు, దెబ్బను మింగుతుంది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసినవి అమెరికాలో ఉన్నాయి. ఇనుప గర్డర్ వంతెనల మీద కాంక్రీటు బరువు ఎక్కించలేం కాబట్టి అక్కడ ఇవి బంగారం. మామూలు లైనులో ధర దగ్గరే ఆగిపోతాయి. తేలిక కాబట్టి పొడవాటి వెల్డింగ్ పట్టాను ఎండలో పట్టుకోవడం కూడా కష్టం. ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది, గేజ్ చూసుకోవాలి.

మెట్రోలో స్లీపర్లే కనిపించవు, అదురూ ఉండదు. అదెలా?

చెన్నై మెట్రోలో కంకర లేదు. కాంక్రీటు దిమ్మల మీదే పట్టా కూర్చుంటుంది. అక్కడ కంకర చేసే పనంతా పట్టా కింది ప్యాడ్లే చేయాలి. మెట్రో పెట్టెలు గూడ్స్ బండిలా బరువుండవు, అది మరిచిపోవద్దు. సొరంగం పైన ఆసుపత్రి లాంటివి ఉంటే లోకంలో చాలాచోట్ల పట్టాల కింది కాంక్రీటు పలక మొత్తాన్నీ రబ్బరు మీదో స్ప్రింగుల మీదో తేలేట్టు పెడతారు. ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పాత చెక్క స్లీపర్లు కొని ఇంటి ముందు బెంచీలా వేసుకోవచ్చా?

వద్దు. కుళ్లకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించినవి అవి. ఎండకి వాసన, చర్మానికి మంట. పిల్లలు కూర్చునే చోట అసలే వద్దు. వంటచెరకుగా కాల్చడం ఇంకా ప్రమాదం.

అదురు పెరిగిందనిపిస్తే నేనేం చేయాలి?

పట్టా మీదికి మాత్రం వెళ్లకండి. ఫోను పట్టుకుని వీడియో తీద్దామని అసలే వద్దు. ఇంట్లోనే ఉండి మూడు రోజులు రాసుకోండి: ఏ టైముకి, ఎటువైపు వెళ్లే రైలుకి, గూడ్సా ప్యాసింజరా, వాన పడ్డాకా ముందా. లయగా కొడుతోందా, ఒక్కసారి ధబ్బుమంటోందా. లయ అయితే చక్రం, ఒకేచోట ధబ్బు అయితే వేలాడే స్లీపరో అతుకో.

తర్వాత 139కి ఫోను చేయండి, లేదా దగ్గర స్టేషన్ మాస్టరుకి చెప్పండి. "మా ఇంటి వెనకాల" అంటే ఎవరికీ అర్థం కాదు. కరెంటు తీగలు మోసే స్తంభాలకి చిన్న పలక మీద కిలోమీటరు నంబరు, దాని కింద స్తంభం నంబరు రాసి ఉంటాయి. మీ మేడ మీంచి కనిపించే స్తంభం నంబరు చెప్పండి. మర్నాడు పొద్దున్న, లైను నడిచి చూసే కీమ్యాన్ సుత్తి భుజాన వేసుకుని నేరుగా అక్కడికే రాగలడు.